ఆ పడవలో ఇంకా ఎవరున్నారు?

(ఈ వారం ఎపిసోడ్ పూర్తి పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం. అక్కడక్కడ తడబడ్డ చోట్లు మాత్రం సరిచేశాం.)

 

పోయిన వారం ఒక తమ్ముడు నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మా శ్రీకాకుళం వైపు కుర్రాడే. అజ్మాన్‌లో వర్క్‌షాపులో హెల్పర్. వాళ్ల రూముకి వచ్చే ఒక ఏజెంటు లాంచీలో పని ఉందన్నాడట. దుబాయ్ నుంచి సోమాలియా రేవులకి సరుకు తీసుకెళ్లే లాంచీ. జీతం ఇప్పుడొచ్చేదానికి దాదాపు రెట్టింపు. కుర్రాడి ప్రశ్న ఒక్కటే: "అన్నా, పైరేట్లు ఉన్నారంటున్నారు గానీ, ఇప్పుడు నేవీ మొత్తం అక్కడే ఉంది కదా. నేవీ ఉండగా భయమేంటి?"

ఈ ప్రశ్నకి రెండు మాటల్లో జవాబు చెప్పడం నావల్ల కాలేదు. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను. అనుకోవడమే కాదు, హల్వా కూడా పంచాను. ఆ హల్వా సంగతే ఈ రోజు చెప్తాను.

2008 నవంబరు. అప్పుడు నేను సలాలాలో ఉన్నాను. పోర్టులో లాషింగ్ గ్యాంగులో పని. కంటైనర్లు ఓడ మీద కదలకుండా ఇనుప కడ్డీలతో బిగించడం, ఓడ వచ్చాక విప్పడం. చేతులు కాయలు కాచిపోయే పని. క్యాంపులో మా రూముకి ఎనిమిది మందిమి. మెస్సులో ఒకే టీవీ, దానికి పది భాషల వాళ్లం. క్రికెట్ ఉంటే సరే, లేకపోతే రిమోట్ కోసం రోజూ గొడవే.

ఆ ఏడాది గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో ఓడలు ఎత్తుకుపోవడం మామూలైపోయింది. మా రేవుకి వచ్చే ఓడల్లో మనవాళ్లు కనబడితే ముందు అదే మాట. సెప్టెంబరు 15న స్టోల్ట్ వేలర్ అనే ట్యాంకర్‌ని పట్టుకుపోయారు. అందులో 22 మంది సిబ్బంది, వాళ్లలో 18 మంది మన ఇండియా వాళ్లే. రెండు నెలలు ఉంచారు. ఇంటి దగ్గర వాళ్ల భార్యలు ఢిల్లీ దాకా వెళ్లి మొర పెట్టుకోవడం టీవీల్లో చూశాం. ఆ తర్వాతే, అక్టోబరులో, మన ప్రభుత్వం ఐఎన్ఎస్ తబర్ అనే యుద్ధనౌకని ఆ సముద్రానికి పంపింది. నవంబరు 11న అది రెండు ఓడల్ని కాపాడింది, ఒకటి సౌదీ వాళ్లది, ఒకటి మనది, జగ్ అర్ణవ్. నాలుగు రోజుల తర్వాత, 15న, సిరియస్ స్టార్ అనే సౌదీ చమురు ఓడని పట్టుకున్నారు. దానిలో 20 లక్షల పీపాల ముడిచమురు ఉంది. అంత పెద్ద ఓడకే దిక్కు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది అనుకున్నాం.

అలాంటి టైములో వచ్చింది ఆ వార్త. నవంబరు 19, బుధవారం. సాయంత్రం డ్యూటీ దిగి మెస్సుకి వెళ్తే టీవీ ముందు జనం. ముందు రాత్రి సలాలాకి నైరుతిగా 285 నాటికల్ మైళ్ల దూరంలో, అంటే మన లెక్కలో 528 కిలోమీటర్లు, తబర్‌కి ఒక అనుమానపు ఓడ కనబడింది. వెనకాల రెండు స్పీడు బోట్లు లాక్కుని పోతోంది. ఆగండి, తనిఖీ చేయాలి అని తబర్ అడిగింది. ఆగలేదు. దగ్గరికొస్తే మీ ఓడని పేల్చేస్తాం అని తిరిగి బెదిరించారు. పైన డెక్కు మీద తుపాకులు, రాకెట్ లాంచర్లు పట్టుకున్న మనుషులు తిరుగుతూ కనిపించారు. తర్వాత వాళ్లే కాల్పులు మొదలుపెట్టారు. తబర్ ఎదురు కాల్చింది. ఆ ఓడలో మంటలు లేచాయి, లోపలున్న మందుగుండు పేలింది, మునిగిపోయింది. స్పీడు బోట్లలో ఒకటి చీకట్లో తప్పించుకుంది, ఒకటి ఖాళీగా దొరికింది.

యుద్ధనౌక మీద దొంగలు కాల్పులు జరపడమేంటి, వాళ్లకి ఎంత పొగరు అని మా మెస్సులో ఒకటే చర్చ. పాకిస్తానీ డ్రైవర్లు కూడా మా భుజాలు తట్టారు. నేనైతే పరిగెత్తుకెళ్లి క్యాంపు బయట కొట్లో అర కిలో ఒమానీ హల్వా కొనుక్కొచ్చి అందరికీ పెట్టాను. నా జీతం నుంచే. నెలాఖరు, జేబులో ఎంతుందో నాకే తెలుసు. అయినా కొన్నాను. మన జెండా ఎగిరే ఓడ, మా సలాలా ఎదురుగా ఉన్న సముద్రంలో, దొంగల 'తల్లి ఓడ'ని ముంచేసింది. ఆ మాట టీవీలో పదే పదే చెప్తున్నారు: తల్లి ఓడ, మదర్ షిప్.

తల్లి ఓడ అంటే ఏంటో కొంచెం చెప్పాలి. ఈ కథంతా అక్కడే ఉంది. పైరేట్లకి సొంత పెద్ద ఓడలు ఉండవు. ఉండేవి చిన్న స్కిఫ్‌లు, పైకప్పు లేని మోటారు పడవలు. వాటితో తీరం దాటి వందల మైళ్లు పోలేరు, నీళ్లుండవు, డీజిలుండదు. అందుకని ముందు ఒక చేపల ట్రాలర్‌నో, ఒక లాంచీనో పట్టుకుంటారు. దాని మీదెక్కి, దాని డీజిలు, దాని బియ్యం, దాని వంటవాడిని వాడుకుంటూ సముద్రంలో వేట చేస్తారు. మరి ఆ ట్రాలర్లో ముందునుంచీ పనిచేస్తున్న మనుషులు ఎక్కడికి పోతారు? ఎక్కడికీ పోరు. అందులోనే ఉంటారు.

ఆ రాత్రి హల్వా తింటూ నేను ఈ ప్రశ్న వేసుకోలేదు. మా మెస్సులో ఎవరూ వేసుకోలేదు.

సరిగ్గా వారానికి, నవంబరు 26న, మళ్లీ బుధవారమే, బొంబాయి మీద దాడి జరిగింది. అక్కణ్ణుంచి మూడు రోజులు ఆ టీవీ ఆపలేదు. మా గ్యాంగులో ఇద్దరు బొంబాయి వాళ్లు ఉన్నారు, వాళ్లు ఫోన్లు పట్టుకుని ఏడుస్తున్నారు. ఆ పొగలో, ఆ గోలలో, ఇంకో వార్త వచ్చి వెళ్లిపోయింది. అది మాకు కనబడలేదు.

డిసెంబరులో ఒక రోజు స్టోర్‌కి గ్లౌజుల కోసం వెళ్లాను. అక్కడ స్టోర్‌కీపర్ ఒక మలయాళీ పెద్దాయన. మేమందరం మాస్టర్ అని పిలిచేవాళ్లం. రోజూ ఇంగ్లీషు పేపరు మొదటి నుంచి చివరి దాకా చదివే మనిషి. గ్లౌజులు ఇచ్చాడు గానీ రిజిస్టర్లో సంతకం పెట్టించుకోలేదు. డ్రాయర్లోంచి మడతపెట్టిన పేపరు ముక్క తీశాడు. "ఆ రోజు హల్వా నువ్వే కదా పంచింది" అన్నాడు. హిందీలోనే, మెల్లగా, ఒక్కో లైను చదివి అర్థం చెప్పాడు.

తబర్ ముంచింది థాయిలాండ్ వాళ్ల చేపల ట్రాలర్. పేరు ఎకావత్ నావా 5. ఒమాన్ నుంచి యెమెన్‌కి చేపల వేట సామాను తీసుకెళ్తోంది. అదే రోజు, నవంబరు 18నే, పైరేట్లు దాన్ని పట్టుకున్నారు. తబర్ ఎదురుపడేసరికి సిబ్బంది అందులోనే బందీలుగా ఉన్నారు. ఒకడు బతికాడు, కాంబోడియా మనిషి. రోజుల తరబడి నీళ్ల మీద తేలుతూ ఉంటే ఎవరో చూసి తీశారు. యెమెన్‌లో ఆసుపత్రిలో చేరాక అతను నోరు విప్పితేనే యజమానికి అసలు విషయం తెలిసింది. ఒకరి చావు ఖాయమైంది. 14 మంది ఆచూకీ లేదు.

మాస్టర్ పేపరు మడిచి మళ్లీ డ్రాయర్లో పెట్టేశాడు. ఇంకేం అనలేదు. నేను గ్లౌజులు అక్కడే మర్చిపోయి వచ్చేశాను.

ఇక్కడ నేను ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే కింద కామెంట్లలో తిట్లు పడతాయి. నేను నేవీని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. మన నేవీ ఏం చెప్పింది? ముందు కాల్చింది వాళ్లు, మేం ఆత్మరక్షణకి కాల్చాం, ఆ ఓడ మీద తుపాకులు పట్టుకున్నవాళ్లు కనిపించారు అని చెప్పింది. చీకట్లో రాకెట్ లాంచర్ నీ వైపు గురిపెట్టి ఉంటే ఎవరైనా ఏం చేస్తారు? తబర్ మీద ఉన్నవాళ్లూ మనలాంటి ఇళ్ల పిల్లలే. ట్రాలర్ హైజాక్ అయిందన్న కబురు అప్పుడు అక్కడ తిరుగుతున్న కూటమి దేశాల నౌకలకి వెళ్లింది. ఇండియా ఆ కూటమిలో లేదు, విడిగా గస్తీ తిరుగుతోంది. ఒకే సముద్రం, ఒకే దొంగలు, కబురు మాత్రం ఒక గుంపులో తిరిగింది. ఇదెవరి తప్పు అంటే నేను తీర్పు చెప్పేవాణ్ణి కాదు. కానీ ఆ 15 మంది మీద ఎవరికీ కోపం లేదు, అయినా పోయింది వాళ్లే. ఇది మాత్రం నేను మర్చిపోలేను.

మర్చిపోలేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 'ఆచూకీ లేదు' అన్న మాట. మా ఊళ్లో, భావనపాడు దగ్గర, దాన్ని గల్లంతు అంటారు. నా చిన్నప్పుడు మా చిన్నాన్న వేటకెళ్లి గల్లంతయ్యాడు. తెప్ప దొరికింది, వల దొరికింది, కూడా వెళ్లినవాళ్లు ఒడ్డుకొచ్చారు, మా చిన్నాన్న రాలేదు. శవం వచ్చి ఉంటే ఏడ్చి, కర్మ చేసి, బతకడం మొదలుపెట్టేవాళ్లు. శవం రాలేదు. మా పిన్ని బొట్టు తీయాలా ఉంచాలా? పెళ్లిళ్లకి పేరంటానికి ఆమెని పిలవాలా వద్దా? పిలిచేవాళ్లకి భయం, పిలవకపోతే తప్పు. చివరికి ఆమే ఎక్కడికీ వెళ్లడం మానేసింది. ఇన్సూరెన్సు డబ్బులకి వెళ్తే చావు సర్టిఫికెట్ కావాలన్నారు. చావు సర్టిఫికెట్‌కి వెళ్తే ఏడేళ్లు కనబడకపోతేనే చనిపోయినట్టు లెక్క అన్నారు. ఏడేళ్లు! అప్పటికి మా చెల్లెలు మూడో క్లాసు నుంచి పదో క్లాసుకి వచ్చేసింది, అదీ మా నాన్న ఫీజులు కడితే.

అందుకని మాస్టర్ '14 మంది ఆచూకీ లేదు' అని చదవగానే నాకు 14 మంది మగాళ్లు కనబడలేదు. ఎక్కడో థాయిలాండ్‌లో, పేరంటానికి పిలుపు రాని మా పిన్నిలాంటివాళ్లు కనబడ్డారు.

సరే. తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే మన తమ్ముడి ప్రశ్నకి సగం జవాబు అక్కడ ఉంది.

నేవీలు నేర్చుకున్నాయి. ఆ డిసెంబరులోనే బహ్రెయిన్‌లో అన్ని దేశాల నౌకాదళాలు కూర్చుని కబుర్లు పంచుకునే ఏర్పాటు మొదలైంది, దాన్ని షేడ్ అంటారు. తర్వాత మన ఇండియా, చైనా, జపాన్ కూడా ఎవరి ఓడ ఎప్పుడు ఎవరికి తోడు వెళ్లాలో కలిసి చూసుకున్నాయి. 2011 నాటికి పైరేట్లు లక్షదీవుల దాకా వచ్చేశారు. జనవరి 28న మన ఐఎన్ఎస్ కాంకర్సో మీద కాల్పులు జరిపారు. ఎక్కణ్ణుంచి? మళ్లీ ఒక థాయ్ ట్రాలర్ నుంచే, ప్రాంటలే 14. మళ్లీ ఎదురు కాల్పులు, మళ్లీ మంటలు, మళ్లీ మునిగింది. కానీ ఈసారి 15 మంది పైరేట్లని పట్టుకున్నారు, అందులో పనిచేసే 20 మందినీ నీళ్లలోంచి ప్రాణాలతో తీశారు. ఫిబ్రవరిలో ప్రాంటలే 11 దొరికింది, 24 మంది సిబ్బందిని కాపాడారు. మార్చిలో వేగా 5, ఈసారి ఐఎన్ఎస్ కల్పేని మీద కాల్పులు, 61 మంది పైరేట్లు, 13 మంది సిబ్బంది క్షేమం. మార్చి నెలాఖరుకి మన జైళ్లలో 120 మంది సోమాలీలు ఉన్నారు.

మళ్లీ చప్పట్లు కొట్టాలనిపిస్తుంది కదా? ఆగండి.

ఆస్ఫాల్ట్ వెంచర్ అని ఒక తారు ట్యాంకర్. 2010 సెప్టెంబరులో మొంబాసా నుంచి డర్బన్ వెళ్తుంటే పట్టుకున్నారు. 15 మందీ ఇండియా వాళ్లే. 2011 ఏప్రిల్‌లో ఓనరు తరఫున డబ్బు ఇచ్చేశారు. డబ్బు తీసుకున్నారు, ఓడ వదిలారు, ఎనిమిది మందిని వదిలారు. ఏడుగురిని ఒడ్డుకి దింపి ఉంచేసుకున్నారు. ఎందుకంటే, మా మనుషులు మీ ఇండియా జైల్లో ఉన్నారు, వాళ్లని వదిలితే వీళ్లని వదులుతాం అన్నారు. సముద్రంలో నేవీ గెలిచింది, లెక్క మాత్రం ఈ ఏడుగురి దగ్గర వసూలు చేశారు. వాళ్లు బయటపడింది 2014 అక్టోబరు 30న. నాలుగేళ్లు దాటింది. ప్రాంటలే ట్రాలర్లు మూడింటినీ కలిపి 2010 ఏప్రిల్‌లో పట్టుకున్నారు, మూడోది ప్రాంటలే 12. దానిలో మిగిలిన నలుగురు థాయ్ మనుషులు ఇల్లు చేరేసరికి 2015 ఫిబ్రవరి. దాదాపు అయిదేళ్లు. ట్యాంకర్ అయితే దాని వెనక ఇన్సూరెన్సు, కంపెనీ, ఎవరో ఒకరు ఉంటారు. చేపల పడవ కోసం కోట్లు కట్టేదెవరు?

పట్టుకున్న పైరేట్ల కేసులు కూడా ఏళ్లు సాగాయి. మన దగ్గర పైరసీకి విడిగా చట్టమే లేదు అప్పుడు. బొంబాయి కోర్టులో 15 మందికి ఏడేళ్ల శిక్ష పడింది 2017లో, అప్పటికే వాళ్లు ఆరేళ్లకి పైగా లోపల ఉన్నారు. ప్రత్యేక చట్టం పార్లమెంటులో నెగ్గింది 2022 డిసెంబరులో.

ఇక 2024 మార్చి. ఎంవీ రుయెన్ సంగతి మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. డిసెంబరులో ఎత్తుకుపోయిన ఓడని తల్లి ఓడగా వాడుతున్నారు. ఐఎన్ఎస్ కోల్‌కతా వెంటపడింది. డ్రోన్ పంపితే దాన్ని కూల్చేశారు, నౌక మీద కాల్పులు జరిపారు. 2008లో తబర్‌కి ఎదురైన పరిస్థితే. కానీ ఈసారి ముంచలేదు. ఓడ కదలకుండా దాని స్టీరింగ్ మీద దెబ్బ కొట్టి, చుట్టూ కాపు కాసి, మాట్లాడుతూ ఉన్నారు. ఇండియా నుంచి 2,600 కిలోమీటర్లు విమానంలో వచ్చి మార్కోస్ కమాండోలు పారాచూట్లతో సముద్రంలోకి దిగారు. మొత్తం 40 గంటలు. 35 మంది పైరేట్లు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది ఒంటి మీద గీత పడకుండా బయటికొచ్చారు. ఆ రోజు నేను సోహార్‌లో ఉన్నాను. వార్త వినగానే నేను ముందు చూసింది ఆ 17 అంకె. అది చూశాకే మిగతాది చదివాను. హల్వా కొనలేదు గానీ, మాస్టర్ గుర్తొచ్చాడు. ఆయన ఎప్పుడో త్రిస్సూర్ వెళ్లిపోయాడు.

ఇప్పుడు మన తమ్ముడి దగ్గరికి వద్దాం. నేవీ ఉండగా భయమేంటి అన్నాడు. నేవీ ఉంది, మంచిగా నేర్చుకుంది కూడా. కానీ నువ్వు ఎక్కబోయేది కంటైనర్ ఓడ కాదు తమ్ముడూ, లాంచీ. పైరేట్లు తల్లి ఓడ కోసం వెతికేది సరిగ్గా దాన్నే. ఎత్తుగా ఉండదు, నెమ్మదిగా పోతుంది, చుట్టూ ముళ్లకంచె ఉండదు, తలుపులేసుకుని దాక్కునే ఉక్కు గది ఉండదు.

ఇంకోటి. పెద్ద ఓడల వాళ్లకి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అని ఒకటుంది. దాంట్లో 2018లో ఒక సవరణ చేశారు, 2020 డిసెంబరు 26 నుంచి అమల్లో ఉంది. పైరేట్లు పట్టుకుంటే, వదిలేదాకా నీ ఒప్పందం చెల్లుతూనే ఉంటుంది, జీతం ఇంటికి పంపుతూనే ఉండాలి. కాంట్రాక్టు గడువు అయిపోయింది అని ఆపడానికి లేదు. మా పిన్నిలాంటి ఆడవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో చెప్పనక్కర్లేదు. కానీ ఆ ఒప్పందం చేపల పడవలకి వర్తించదు. పాత పద్ధతిలో కట్టే లాంచీలకీ వర్తించదు. అంటే ఎకావత్ నావా మనుషులకి ఈ రోజు జరిగినా ఆ రక్షణ లేదు. నీకూ ఉండదు.

ఇదంతా తమ్ముడికి ఫోన్లో చెప్పాను. వెళ్లొద్దు అని చెప్పలేదు. అజ్మాన్‌లో వాడి అప్పు ఎంతో నాకు తెలుసు, వాడి బదులు నేను కట్టను కదా. మూడు సంగతులు మాత్రం కాగితం మీద రాయించుకోమన్నాను: లాంచీ పేరు, అది ఏ దేశం జెండా కింద రిజిస్టర్ అయింది; వీసా, సీమాన్ బుక్కు ఎవరు చేయిస్తారు; నాకేమైనా అయితే మా ఇంటికి ఫోన్ చేసేదెవరు, డబ్బు పంపేదెవరు. మూడోది అడగడానికి వాడికి నోరు రాలేదట. అపశకునం కదన్నా అన్నాడు. అడుగు, అపశకునం నా మీద వేసేయ్ అన్నాను.

నిన్న రాత్రి మళ్లీ మెసేజ్ పెట్టాడు. ఏజెంటుని అడిగాడట. "అవన్నీ పెద్ద షిప్పులకి భాయ్, ముందు ఎక్కు, తర్వాత చూద్దాం" అన్నాడట. శనివారం దాకా టైమిచ్చాడు. ఇంట్లో చెప్పావా అని అడిగాను. నాన్నకి చెప్పలేదు, అమ్మకి మాత్రం 'కొత్త పని, సముద్రం పక్కన' అని చెప్పాడట. పక్కన కాదు, మధ్యలో అని చెప్పు అన్నాను. సరే అన్నా, పొద్దున్న చేస్తా అన్నాడు.

వచ్చే వారం బతాకా రెన్యువల్ గురించి అడిగినవాళ్లకి జవాబులు చెప్తాను, చాలా మెసేజ్‌లు పేరుకున్నాయి. లాంచీల్లో, ట్రాలర్లలో పనిచేసినవాళ్లు ఎవరైనా వింటుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. ఆ తమ్ముడికి పంపుతాను, శనివారం లోపు. ఉంటాను.